తడిగాలి చరిత్ర: వట్టివేళ్ళ తడిక నుంచి హ్యూమిడిఫైయర్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కబురు చేశారు. కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఈసారి గాలి గురించి వ్రాయదలచాను. మన సభ్యుల్లో డెబ్బయి దాటినవారు ఏ ఇద్దరు కలిసినా మోకాళ్ళ నొప్పుల తరువాత మాట్లాడుకునేది ఆయాసం గురించే కదా!

చలికాలంలో తెల్లవారుజామున ఫలక్‌నుమా స్టేషను వైపు నడకకు వెళ్ళేవారికి నేను చెప్పేది తెలుసు. పొగ నేలను పట్టుకుని ఉంటుంది. గుట్టమీది ప్యాలెస్ మసకగా కనబడుతుంది. ఇంటికి వచ్చేసరికి గొంతు ఎండిపోయి, ముక్కులో పొక్కు కట్టి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఇది చూసి పిల్లలు ఈమధ్య ఒక చిన్న యంత్రాన్ని తెప్పించి మన మంచం పక్కన పెట్టి వెళుతున్నారు. నీళ్ళు పోసి స్విచ్చి వేస్తే తెల్లగా ఆవిరిలాంటిది పైకి లేస్తుంది. దాని పేరు హ్యూమిడిఫైయర్. గాలికి తేమ పట్టించే యంత్రం అన్నమాట. ఇది కొత్తగా వచ్చిన విదేశీ వస్తువని అందరూ అనుకుంటున్నారు. కాని గాలిని తడిపే విద్య మన పాతబస్తీకి కొత్త కాదు. ఆ పాత కథ తెలుసుకుంటే ఈ యంత్రం దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో కూడా తెలిసివస్తుంది.

మన ఊరి గాలి

హైదరాబాదు దక్కను పీఠభూమి మీది ఊరు. సముద్రం దూరం. వానాకాలంలో తప్ప గాలి పొడిగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కంటె దిగువకు పడిపోవడం మామూలే. 1966 జూన్ 2వ తేదీన ఇక్కడ ఎండ 45.5 డిగ్రీలకు చేరింది. వేడి ఒక ఎత్తు, పొడితనం ఒక ఎత్తు. ఉతికిన ధోవతి అరగంటలో ఆరిపోతే సంతోషమే గాని, అదే గాలి మన ముక్కును, గొంతును కూడా అలాగే ఆరబెడుతుంది.

ఈ పని లోపల ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను. మనం పీల్చే గాలి ఊపిరితిత్తుల్లోకి చేరే లోపల దానికి ఒంటి వేడిని, నిండా తేమను పట్టించవలసిన బాధ్యత ముక్కుది. ఆ నీరు మన ఒంటిలోనిదే. ముక్కులోను, శ్వాసనాళాల్లోను పల్చని జిగురుపొర ఉంటుంది. లోపలికి వచ్చిన దుమ్మూ ధూళీ దానికి అంటుకుంటాయి. కంటికి కనబడని సన్నని నూగు ఆ జిగురును అలలు అలలుగా పైకి తోస్తుంది. ఇరవైనాలుగు గంటలూ పనిచేసే ఊడ్పు సిబ్బంది వంటిది అది. గాలి మరీ పొడిగా ఉంటే జిగురు గట్టిపడుతుంది, ఊడ్పు పని మందగిస్తుంది. వయసు మీద పడినకొద్దీ ఆ సిబ్బందికి కూడా ఓపిక తగ్గుతుంది. అందుకే పొడిగాలిలో పిల్లలకంటె మనకు బాధ ఎక్కువ.

పాతబస్తీకి ఆయాసం కొత్త సంగతి కాదని చెప్పడానికి దూద్‌బౌలి ఒక్కటి చాలు. బత్తిని వారి కుటుంబం మృగశిర కార్తె ప్రవేశించే రోజున ఉబ్బసం రోగులకు చేపమందు వేయడం అక్కడే మొదలయింది. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం వారు చెబుతారు. జనం పెరిగిపోయాక పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. దానిని మందుగా వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు, ఆ వివాదం మనకు ఇక్కడ అక్కరలేదు. ఊపిరి ఆడక బాధపడేవారు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో ఆ వరుసలు చూసినవారికి తెలుస్తుంది. మృగశిర అంటే రోహిణి ఎండలు పోయి తొలకరి తడిగాలి తగిలే వేళ అని కూడా గుర్తుంచుకోవాలి.

వట్టివేళ్ళ తడికలు

పొడిగాలికి మన పెద్దలు కనిపెట్టిన విరుగుడు వట్టివేరు. ఉర్దూలో ఖస్ అంటారు. వెదురు చట్రంలో వట్టివేళ్ళు దట్టంగా కూర్చి తడిక చేసి, గాలి వచ్చే కిటికీకి, గుమ్మానికి కట్టి, దానిమీద నీళ్ళు చల్లుతారు. వేడిగాలి ఆ తడి వేళ్ళలోంచి దూరి లోపలికి వచ్చేసరికి చల్లబడుతుంది, తేమ పట్టుకుంటుంది, మంచి వాసన కూడా వేస్తుంది. అక్బరు చక్రవర్తి కాలంలోనే ఈ తడికల ముచ్చట అబుల్ ఫజల్ తన ‘అయినె అక్బరీ’లో వ్రాశాడు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు దీనికి ఒక చక్రం జోడించారు. పెట్టెలో తిరిగే రెక్కల చక్రం, పక్కల తడి తడికలు, చక్రం తిప్పడానికి ఒక కూలీ. దానికి థర్మాంటిడోట్ అని పేరు పెట్టారు. వేడికి విరుగుడు అని అర్థం. ఈనాటి డెజర్ట్ కూలరుకు అదే ముత్తాత.

కలవారు గాలి కోసం ఎత్తు ప్రదేశాలు కూడా వెతుక్కున్నారు. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా భవనమే చూడండి. ఊరికి దక్షిణాన గుట్టమీద నాలుగువైపులా గాలి ఆడేచోట కట్టారు. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. తరువాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన 1911లో కన్నుమూసినది కూడా ఆ భవనంలోనే. 2010 నుంచి అది హోటలు. గుట్ట కింద ఉండే మనబోటివారికి మిగిలినవి తడిక, సురాయి, మేడమీద పక్క.

సర్కారు కచేరీలకు కూడా వేసవిలో తడికలు కట్టేవారు. నేను 1970ల మొదట్లో గుమాస్తాగా చేరిన కొత్తలో నాకు అప్పగించిన మొదటి దస్త్రాల్లో ఖస్ తట్టీల దస్త్రం ఒకటి. తడికలు కొనడానికి కొటేషన్లు, కట్టినందుకు కూలి, నీళ్ళు చల్లడానికి సీజనల్ మనిషి, అతనికి రోజుకూలీ, అన్నీ కంటింజెంట్ ఖర్చు కింద వ్రాయాలి. ఒక ఏడాది మే నెలలో నాలుగు రోజులు అకాల వర్షాలు పడ్డాయి. ఆడిట్ వారు ఆ నాలుగు రోజుల కూలీమీద అభ్యంతరం వ్రాశారు. “వర్షము కురియుచుండగా తడికలపై నీరు చల్లవలసిన ఆవశ్యకత ఏమి?” అని. అప్పుడు సెక్షనంతా నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అది మంచి ప్రశ్నే. గాలిలో తేమ ఉన్న రోజున మళ్ళీ తడి ఎందుకు? ఈ ప్రశ్న మళ్ళీ అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

ఆవిరి పట్టడం

తడిక ఇల్లంతటికీ. మనిషికి విడిగా పట్టించేది ఆవిరి. పడిశం పట్టినప్పుడు మరుగునీళ్ళ గిన్నెమీద దుప్పటి కప్పుకుని కూర్చోని తెలుగువాడు ఉండడు. పసుపు వేసేవారు కొందరు, తులసి, వావిలి ఆకు వేసేవారు కొందరు. యునానీ హకీములు ఆవిరి పట్టడాన్ని ఇన్‌కిబాబ్ అంటారు. హైదరాబాదులో 1920లో తయారీ మొదలైన జిందా తిలిస్మాత్ చుక్కలు కూడా మరుగునీళ్ళలో వేసి పీల్చడం మన ఇళ్ళలో అలవాటే. ఇంగ్లాండులో జాన్ మడ్జ్ అనే వైద్యుడు 1778లో తగరపు కూజాకు మూత, గొట్టం అమర్చి, దగ్గు రోగులకు ఆవిరి పట్టించాడు. ఇన్‌హేలర్ అన్న మాటను వాడుకలోకి తెచ్చినది ఆయనే. తరువాత అక్కడి రోగుల గదుల్లో పొడవాటి మూతి ఉన్న కెటిల్ పొయ్యిమీద పెట్టి గదిలోకి ఆవిరి వదిలేవారు. దానికి బ్రాంకైటిస్ కెటిల్ అనే పేరు. మన మంచం పక్కకు వచ్చిన యంత్రం దానికి మనుమడు. తేడా ఏమిటంటే కొన్ని యంత్రాలు నీళ్ళు కాచవు. నీళ్ళలో ఒక బిళ్ళ చెవికి వినబడనంత వేగంగా అదిరి నీటిని సన్నని తుంపరగా విసురుతుంది.

మిల్లులు నేర్పిన పాఠం

గాలి తేమను లెక్క ప్రకారం అదుపు చేయడం మనిషి సుఖం కోసం మొదలు కాలేదు. సరుకు కోసం మొదలయింది. పొడిగాలిలో పత్తి నూలు పుటుక్కున తెగుతుంది. అందుకని బట్టల మిల్లుల్లో ఆవిరి, తుంపర వదిలేవారు. కొన్నిచోట్ల అది ఎంత శ్రుతి మించిందంటే నేత కూలీల ఆరోగ్యం కాపాడడానికి ఇంగ్లాండులో 1889లో చట్టం చేసి తేమకు హద్దు పెట్టవలసి వచ్చింది. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్యాలయం కోసం యంత్రం తయారుచేశాడు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, రంగులు పక్కకు జరుగుతున్నాయని వాళ్ళ బాధ. ఏర్ కండిషనింగ్ కథ మొదలైంది అలా. ఆ మాట పుట్టినది కూడా బట్టల మిల్లుల్లోనే. 1906లో స్టూఅర్ట్ క్రామర్ అనే మిల్లు ఇంజనీరు పెట్టిన పేరు అది.

మన దేశంలో 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. జీవితమంతా సెక్షన్ల మధ్య గడిపినవాణ్ణి కనుక దానిలో రెండు సెక్షన్లు మీకు ప్రత్యేకంగా చూపిస్తాను. 14వ సెక్షను దుమ్ము, పొగ గురించి. పొగ కార్మికుడి ఊపిరిలోకి పోకుండా, అది పుట్టినచోటనే పట్టి బయటికి పంపాలని అందులో ఉండేది. 15వ సెక్షను కృత్రిమంగా తేమ పట్టించడం గురించి. అందుకు వాడే నీరు నల్లా నీరో, తాగునీరో అయి ఉండాలి, లేదా బాగా శుద్ధి చేసినదై ఉండాలి అని అందులో వ్రాశారు.

ఈ రెండూ పక్కపక్క సెక్షన్లే గాని వేరువేరు సెక్షన్లు. పొగకు మందు 14లో ఉండేది, తేమకు నియమం 15లో ఉండేది. 15వ సెక్షనుతో 14వ సెక్షను పని జరగదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. మన ఇళ్ళలో జరుగుతున్న పొరపాటు ఈ రెండింటినీ కలిపేయడం. యంత్రం పెట్టాం కదా, పొగ ఏం చేస్తుందిలే అనుకుంటున్నాం.

లండన్ చెప్పిన సాక్ష్యం

తడిగాలి పొగను కడిగేస్తుందని నమ్మేవారికి లండన్ కథ చెప్పాలి. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు ఆ నగరాన్ని పొగమంచు కమ్మేసింది. చలికి ప్రతి ఇంటా బొగ్గు కాల్చారు. గాలి కదలలేదు. పొగంతా నేలమీదనే నిలిచిపోయింది. అప్పుడు అక్కడి గాలిలో తేమకు ఏమీ కొదవ లేదు, మంచు బొట్లతో నిండి ఉంది. పొగలోని గంధకం ఆ తడిలో కరిగి ఆమ్లమయింది. ఆ రోజుల్లో దాదాపు 4,000 మంది అదనంగా చనిపోయినట్లు మొదట లెక్క వేశారు. తరువాతి పరిశోధకులు 12,000 దాకా ఉండవచ్చని అన్నారు. పోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, చంటిపిల్లలు, ముందునుంచీ రొమ్ము జబ్బు ఉన్నవారు. దాని ఫలితంగా 1956లో అక్కడ పరిశుభ్ర వాయు చట్టం వచ్చింది. ఆ చట్టం పట్టుకున్నది తేమను కాదు, పొగ గొట్టాన్ని.

మన చలికాలం పొగ లండన్ పొగ అంతటిది కాకపోయినా దారి అదే. రాత్రి నేల చల్లబడి, చల్లగాలి కింద, వెచ్చనిగాలి పైన మూతలాగా నిలుస్తుంది. వాహనాల పొగ, చెత్త కుప్పలు తగలబెట్టిన పొగ, కాటేదాన్ వంటి పారిశ్రామికవాడల పొగ ఆ మూత కింద ఇరుక్కుపోతాయి. ఇందులో 2.5 మైక్రానుల కంటె సన్నని కణాలే ప్రమాదం. తలవెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు ఊడ్పు సిబ్బందికి చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశంలో 2009లో ప్రమాణం పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 మించరాదన్నది. మనకు దగ్గరలో బహదూర్‌పురా జూపార్కు వద్ద గాలిని కొలిచే కేంద్రం ఉంది. ఆ అంకెలు ఫోనులోనే చూడవచ్చు, మనుమలను అడిగితే చూపిస్తారు.

హ్యూమిడిఫైయర్ ఈ కణాలలో ఒక్కదానినీ తీసివేయదు. ఎండిన గొంతుకు, ముక్కుకు కొంత ఉపశమనం ఇస్తుంది. జిగురు పల్చబడి కఫం తేలికగా వస్తుంది. అంతవరకే దాని ఉద్యోగం. కూలరు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది కిటికీలోంచి బయటి గాలిని లాగి లోపలికి పోస్తుంది. వీధిలో చెత్త తగలబడుతున్న వేళ కూలరు వేస్తే ఆ పొగను మనమే డబ్బిచ్చి ఇంట్లోకి పిలుచుకున్నట్లు.

నీళ్ళ సంగతి

మా వీధిలో రిటైరయిన ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయన నన్ను భాయీసాబ్ అంటారు, నేను ఆయనను మాస్టర్‌సాబ్ అంటాను. కిందటి చలికాలం కొడుకు ఆయనకు ఈ యంత్రం పంపాడు. వారం తిరగకుండా నన్ను ఇంటికి పిలిచి బల్ల చూపించారు. బల్లమీద, రేడియోమీద, కళ్ళజోడు అద్దాలమీద సన్నని తెల్లని పొడి. “భాయీసాబ్, ఇంట్లో ఎవరూ సున్నం వేయలేదు. ఈ పొడి ఎక్కడిది?” అన్నారు. “ఏం నీళ్ళు పోస్తున్నారు మాస్టర్‌సాబ్?” అని అడిగాను. బోరు నీళ్ళు. మన బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లని పొర కడుతుంది. ఆ లవణాలనే అదిరే బిళ్ళ యంత్రం తుంపరతోపాటు గాలిలోకి విసురుతుంది. పొగనుంచి కాపాడుకుందామని పెట్టినది ఇంట్లో కొత్త దుమ్ము పుట్టించింది. ఆయన బోరు నీళ్ళు మాని శుద్ధిచేసిన తాగునీరు పోశాక ఆ పొడి తగ్గిపోయింది. కాచి చల్లార్చిన నీటిలో క్రిములు చస్తాయి గాని లవణాలు చాలావరకు అలాగే ఉంటాయని గమనించాలి.

క్రిముల సంగతి ఇంతకంటె పెద్దది. నిలవ నీటిలో పాకుడు పడుతుంది. యంత్రం దానిని కూడా తుంపరగా చేసి మన ఊపిరిలోకి పంపుతుంది. అలాగని నీళ్ళలో మందులు కలపరాదు. దక్షిణ కొరియాలో యంత్రంలో పాకుడు పట్టకుండా నీళ్ళలో కలిపే రసాయనాలు ఏళ్ళ తరబడి దుకాణాల్లో అమ్మారు. ఆ తుంపర పీల్చి ఊపిరితిత్తులు చెడి వందలాది మంది చనిపోయారు. పసిపిల్లలు, గర్భిణులు కూడా అందులో ఉన్నారు. కారణం ఆ రసాయనమేనని 2011లో తేలింది. మన దగ్గర 2021 కోవిడ్ వేళ నల్ల ఫంగస్ వచ్చి, కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. ఆక్సిజన్‌కు తేమ పట్టించే సీసాలో శుభ్రమైన, క్రిమిరహితమైన నీరే పోయాలని అప్పుడు వైద్యులు గట్టిగా చెప్పారు. 1948 నాటి 15వ సెక్షను చెప్పినది కూడా అదే కదా!

మనం పాటించవలసినవి

ఇక మన సభ్యులకు, వారి కుటుంబాలకు నా మనవి. యంత్రం ఉన్నవారు గదిలో తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టుకోవాలి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. అంతకు మించితే గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో కంటికి కనబడని పురుగు పెరుగుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ఉన్నదానికంటె ఎక్కువవుతుంది. వానాకాలంలో యంత్రం అక్కరలేదు. ఆడిట్ వారి అభ్యంతరం ఇక్కడ కూడా వర్తిస్తుంది. నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పోయాలి. రెండు మూడు రోజులకొకసారి తొట్టి రుద్ది కడిగి ఆరబెట్టాలి. యంత్రం లేనివారు బెంగపడనవసరం లేదు. గదిలో ఒక తడి తుండు ఆరవేసినా కొంత తేమ వస్తుంది. ఆవిరి పట్టేటప్పుడు మరుగునీళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకోవద్దు. చేతులు వణికే వయసు మనది.

పొగకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. పొగ దట్టంగా ఉన్న తెల్లవారుజామున నడక మాని, ఎండ పొడిచి పొగ విడిపోయాక వెళ్ళాలి. ఆ వేళ కిటికీలు మూసి, మధ్యాహ్నం తెరవాలి. బయటికి వెళ్ళక తప్పకపోతే ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. చేతిరుమాలు సన్నని కణాలను ఆపదు. ఇంట్లో దోమల కాయిలు, సాంబ్రాణి, లోబాన్ పొగ కూడా పొగే. భక్తికి ఒక్క అగరువత్తి చాలు. కట్టెల పొయ్యి పోవడం మన ఆడవారికి ఎంత మేలు చేసిందో చూశాం కదా. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక చాలా ఇళ్ళలో పొగ, దానితో దగ్గు తగ్గాయి. పొగ పుట్టినచోటే దానిని ఆపడమంటే అది. వీధి చివర చెత్త తగలబెడుతుంటే మున్సిపాలిటీ వారికి ఫిర్యాదు చేయండి. అర్జీ వ్రాయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్కరు వ్రాస్తే దస్త్రంలో పడుతుంది, ఇరవైమంది పెన్షనర్లు సంతకాలు చేస్తే కదులుతుంది.

చివరగా ఒక్క మాట. హ్యూమిడిఫైయర్ వేరు, నెబ్యులైజర్ వేరు. మొదటిది వట్టి నీరు, రెండవది డాక్టరు వ్రాసిన మందును సన్నని తుంపరగా ఇచ్చేది. మొదటిది పెట్టుకున్నామని రెండవదానిని మానవద్దు, డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరును పక్కన పెట్టవద్దు. రాత్రి పడుకుంటే ఆయాసం రావడం, పిల్లికూతలు, కాళ్ళ వాపు, పెదవులు నీలంగా మారడం, ఇవి పొడిగాలి లక్షణాలు కావు. అవి కనబడితే యంత్రం స్విచ్చి వెతకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మన సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఊపిరితిత్తుల పరీక్షా శిబిరం ఒకటి పెట్టించాలని కార్యవర్గం వారిని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ శిబిరానికి కావలసిన ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడానికి నేను సిద్ధం.



— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, ఫలక్‌నుమా